పదేళ్ల పిల్లలకు ఇంట్లో ఆల్జీబ్రా: ఏడాదిలోనా, రెండేళ్లలోనా?

అమెరికాలో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తెలుగు తల్లిదండ్రుల నుంచి వేసవి మొదలయ్యేసరికి నాకు ఒకే తరహా ప్రశ్న వస్తుంది. పాపకు పదేళ్లు, వయసుకు తగిన లెక్కలన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఆల్జీబ్రా 1 పుస్తకం కొన్నాం, ఇక దాన్ని ఎంత వేగంతో నడపాలి? కొందరు విషయసూచిక ముందు పెట్టుకుని మొత్తం పాఠాలను బడి ఏడాదిలోని 36 వారాలతో భాగిస్తారు. ఇంకొందరు వేసవి సెలవుల్లోనే ముగించాలనుకుంటారు. మరికొందరు పిల్లల ఇష్టానికి వదిలేస్తారు. ఈ వయసు పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. పది, పదకొండేళ్ల పిల్లల్లో ఎక్కువమందికి రెండేళ్ల గడువే మంచిది. అయితే ఆ రెండేళ్లూ ఒకే వేగంతో సాగకూడదు. కొన్ని అధ్యాయాలను వారంలో దాటేయాలి, కొన్నిటి దగ్గర రెండు నెలలు కూర్చోవాలి.

తొందర ఎంత అవసరం?

అమెరికా బడుల్లో వరస ఇది: ఆల్జీబ్రా 1, జ్యామితి, ఆల్జీబ్రా 2, ప్రీకాల్కులస్, కాల్కులస్. ఆల్జీబ్రా 1 సాధారణంగా తొమ్మిదో తరగతిలో ఉంటుంది. లెక్కల్లో ముందున్న పిల్లలు ఎనిమిదిలోనే చదివి, పన్నెండో తరగతికి కాల్కులస్ అందుకుంటారు. ఆ ఒక్క ఏడాది కోసం ఊళ్లకు ఊళ్లే కొట్లాడుకున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో ప్రభుత్వ బడులు 2014లో ఆల్జీబ్రాను ఎనిమిది నుంచి తొమ్మిదికి జరిపితే, ఏళ్ల తరబడి తల్లిదండ్రులు గొడవపడ్డారు. చివరికి 2024 మార్చిలో దాన్ని తిరిగి ఎనిమిదికి తెమ్మని ఓటర్లే చెప్పారు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో మనవాళ్ల ఆదుర్దాలో సగం ఈ వాతావరణం నుంచి వచ్చిందే.

ఇప్పుడు మీ పాప సంగతి చూడండి. పదేళ్లకు మొదలుపెట్టి, తాపీగా రెండేళ్లు తీసుకున్నా ఆరో తరగతి చివరికి ఆల్జీబ్రా 1 అయిపోతుంది. ఏడులో జ్యామితి, ఎనిమిదిలో ఆల్జీబ్రా 2, తొమ్మిదిలో ప్రీకాల్కులస్, పదిలో కాల్కులస్. అంటే బడిలో ముందున్నారని అందరూ చెప్పుకునే పిల్లల కన్నా మీ పాప అప్పటికే రెండేళ్లు ముందుంది. ఇంకో ఏడాది మిగిల్చి సాధించేది ఏమీ లేదు. పునాదిలో పగులు మిగిలితే మాత్రం అది ఆల్జీబ్రా 2లో బయటపడుతుంది. అప్పటికి పిల్లలు పెద్దవాళ్లవుతారు, వెనక్కి వెళ్లి మళ్లీ నేర్చుకోవడానికి మొహమాటపడతారు.

నాలుగు దారులు

గంటల లెక్క వేస్తే ఒక ఆసక్తికరమైన సంగతి తెలుస్తుంది. ఏడాది పద్ధతిలో వారానికి ఐదు రోజులు, రోజుకు 45 నిమిషాలు, 36 వారాలు: మొత్తం 135 గంటలు. రెండేళ్ల పద్ధతిలో వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట, 72 వారాలు: 144 గంటలు. వేసవి పద్ధతిలో పది వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు రెండున్నర గంటలు: 125 గంటలు. హైస్కూలు క్రెడిట్‌కు, అంటే ఒక సబ్జెక్టు పూర్తయినట్టు ఇచ్చే గుర్తింపుకు, పాతకాలం నుంచి కొలతగా వాడుతున్న కార్నెగీ యూనిట్ 120 గంటలు. కాగితం మీద మూడు పద్ధతులూ దాన్ని దాటేస్తాయి.

తేడా వచ్చేది ఆ గంటల మధ్య ఎన్ని రాత్రులు గడిచాయన్న దగ్గర. ఒకేసారి కూర్చుని నేర్చుకున్నదాని కన్నా రోజులు ఎడం ఇచ్చి నేర్చుకున్నది ఎక్కువకాలం నిలుస్తుందని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని రాశాడు. తర్వాత వచ్చిన పరిశోధనలు దాన్ని బలపరుస్తూనే ఉన్నాయి. నేర్చుకున్నది కొంచెం మరిచిపోయి, మళ్లీ గుర్తుచేసుకునే ప్రయత్నంలోనే పాఠం గట్టిపడుతుంది. వేసవి పద్ధతిలో మరిచిపోవడానికి వ్యవధి లేదు. కాబట్టి ఆగస్టులో అంతా వచ్చినట్టే ఉంటుంది, డిసెంబరులో సగం ఉండదు.

అందుకే వేసవి పద్ధతిని పదేళ్ల పిల్లలకు నేను ఒప్పుకోను. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఇప్పటికే చాలావరకు తెలిసిన విషయాన్ని క్రెడిట్ కోసం పూర్తి చేయడానికైతే అది పనికొస్తుంది. పదేళ్ల చెయ్యి రోజుకు రెండున్నర గంటలు సమీకరణాలు రాయలేదు. రెండో గంటలో అక్షరాలు పెద్దవవుతాయి, మెట్లు తగ్గిపోతాయి, తప్పులు మొదలవుతాయి. ఆ తప్పులు ఆల్జీబ్రా రాక చేసినవి కావు, అలసి చేసినవి. పిల్లలు మాత్రం తమకు లెక్కలు రావనే అనుకుంటారు.

ఏడాది పద్ధతి చెడ్డదేమీ కాదు. ముప్పావు గంట కుదురుగా కూర్చోగలిగి, అడిగితే మెట్లు రాయడానికి విసుక్కోని పిల్లలకు అది సరిపోతుంది. దాని ఇబ్బంది ఫిబ్రవరిలో కనిపిస్తుంది. సెప్టెంబరు నుంచి వారానికి నాలుగు పాఠాల చొప్పున హాయిగా వచ్చిన పిల్లలు కారణాంక విభజన (ఫ్యాక్టరింగ్) దగ్గర ఆగిపోతారు. క్యాలెండర్ ఆగదు. మే నెలకల్లా వర్గ సమీకరణాలు ముగించాలన్న ఆత్రంలో చివరి మూడు అధ్యాయాలు పైపైన అయిపోతాయి. పుస్తకంలో అన్నిటికన్నా బరువైనవి ఆ మూడే.

క్యాలెండర్ లేకుండా, వచ్చాకే ముందుకు వెళ్లే పద్ధతి వినడానికి అన్నిటికన్నా అందంగా ఉంటుంది. ఖాన్ అకాడమీ లాంటి ఉచిత వేదికలు ప్రతి అంశంలో పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో చూపిస్తాయి కాబట్టి నడపడమూ తేలికే. అయితే ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో, పైగా తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే, గడువు లేని పని వెనకబడుతుంది. తెర మీద జవాబు మాత్రమే నొక్కే పిల్లల కాగితం మీద ఏం జరుగుతోందో మనకు కనబడదు. ఈ పద్ధతిలోని అసలు సూత్రాన్ని, అంటే రానిది దాటకూడదన్న నియమాన్ని తీసుకుని, దాన్ని రెండేళ్ల గడువులో పెట్టుకోవడం మేలు.

ఇక రెండేళ్ల పద్ధతి. దీనికీ ఒక లోపం ఉంది. చురుకైన పిల్లలకు విసుగొస్తుంది. విరుగుడు ఏమిటంటే, వారంలో నాలుగు రోజులు ఆల్జీబ్రా చెప్పి, ఐదో రోజును పుస్తకానికి సంబంధం లేని లెక్కలకు వదలండి. ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పెట్టే ఏఎంసీ 8 పోటీలో 40 నిమిషాల్లో 25 ప్రశ్నలుంటాయి. ఎన్ని విధాలుగా అమర్చవచ్చు, భాగిస్తే శేషం ఎంత, ఈ బొమ్మ వైశాల్యం ఎంత లాంటివి ఎక్కువ, ఆల్జీబ్రా తక్కువ. పాత ప్రశ్నపత్రాల నుంచి వారానికి మూడు ప్రశ్నలు చాలు. పోటీకి పంపకపోయినా ఫరవాలేదు.

మొదలుపెట్టే ముందు ఆరు లెక్కలు

వేగం నిర్ణయించే ముందు ఒక సాయంత్రం కాలిక్యులేటర్ పక్కన పెట్టించి ఈ ఆరూ చేయించండి. 3/4 − 5/6. ఆ తర్వాత −7 − (−3). మూడోది 18 − 3 × (4 − 6). నాలుగు, 2.4 ÷ 0.06. ఐదు, 80లో 15 శాతం. ఆరు, 3 పౌండ్ల బెండకాయలు 5 డాలర్లైతే 12 పౌండ్లు ఎంత? జవాబులు వరసగా −1/12, −4, 24, 40, 12, 20 డాలర్లు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది మూడో లెక్క. −30 వచ్చిందంటే పిల్లలు ముందు 18లోంచి 3 తీసేశారు, గుణకారం ముందన్న నియమం ఇంకా చేతికి రాలేదు. 12 వచ్చిందంటే నియమం తెలుసు, రుణ సంఖ్యను తీసివేయడం దగ్గర జారారు. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు. అందుకే జవాబు పక్కన పెట్టి మెట్లు చూడండి.

ఆరూ సరిగ్గా, మెట్లతో సహా వస్తే ఏడాది పద్ధతి గురించి ఆలోచించవచ్చు. భిన్నాలో, రుణ సంఖ్యలో తడబడితే ఆల్జీబ్రా పుస్తకాన్ని రెండు మూడు నెలలు అలమరలో ఉంచి ఆ రెండే చేయించండి. ఆ నెలలు వృథా కావు. ఆల్జీబ్రాలో పిల్లలు చేసే తప్పుల్లో చాలా భాగం నిజానికి భిన్నాల తప్పులు, గుర్తుల తప్పులు.

ఎక్కడ నెమ్మదించాలి

మూడు చోట్ల. ఆల్జీబ్రాలో తెలియని సంఖ్యను ఇక్కడ 'క' అని రాస్తాను.

మొదటిది, కుండలీకరణం (బ్రాకెట్) ముందు మైనస్. 3 − 2(క − 4) ఇవ్వండి. చాలామంది పిల్లలు 3 − 2క − 8 అని రాసి, −2క − 5 అని తేలుస్తారు. ఇంకొందరు 3లోంచి 2 తీసేసి (క − 4) దగ్గర ఆగుతారు. తప్పని గీత కొట్టకండి. 'క' స్థానంలో 4 పెట్టి చూడమనండి. కుండలీకరణం సున్నా అవుతుంది కాబట్టి మొత్తం విలువ 3 రావాలి. మొదటి జవాబు −13 ఇస్తుంది, రెండోది 0 ఇస్తుంది. సరైన రూపం 11 − 2క కాబట్టి 11 − 8, అంటే 3 వస్తుంది. తన తప్పును తానే పట్టుకునే సాధనం పదేళ్ల పిల్లల చేతికి వచ్చిందంటే, ఆ తర్వాత పుస్తకమంతా వాళ్లకు అది కాపలా కాస్తుంది. మూడు వారాల పాటు రోజుకు ఇలాంటి లెక్కలు నాలుగు చేయించండి, ప్రతిదానికీ సంఖ్య పెట్టి సరిచూడమనండి. పుస్తకం దీనికి రెండు పాఠాలే ఇచ్చి ఉంటుంది. అయినా సరే.

రెండోది, మాటల లెక్కలు. తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు, 5 ఏళ్ల తర్వాత 3 రెట్లవుతుంది, ఇప్పుడు కొడుకు వయసెంత? తెలివైన పిల్లలు దీన్ని నోటితో చేస్తారు. 8, 9 అని ప్రయత్నించి, పదే అని చెప్పి, సమీకరణం ఎందుకు రాయాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లను బలవంతంగా రాయించే బదులు ఈ లెక్క ఇవ్వండి: రెండు సంఖ్యల మొత్తం 53, ఒకటి రెండోదానికి మూడు రెట్ల కన్నా 8 తక్కువ. 15 పెడితే తక్కువ వస్తుంది, 16 పెడితే ఎక్కువ వస్తుంది. జవాబు 15.25, 37.75. ఊహించి దీన్ని పట్టుకోవడం కష్టం. క + (3క − 8) = 53 అని రాస్తే రెండు నిమిషాల పని. సమీకరణం అవసరాన్ని పిల్లలు తామే కనుక్కునే చోటు ఇదే. దీనికి రెండు నెలలు పట్టినా ఇవ్వండి.

ఇక్కడే ఇంకో మాట. ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చిన తాతయ్యలు మనవలకు లెక్కలు చెప్పడం మన ఇళ్లలో మామూలే, అది చాలా మంచిది కూడా. వాళ్లు నేర్చుకున్నది పక్షాంతరం: అటువైపు వెళితే ప్లస్ మైనస్ అవుతుంది. అమెరికా పుస్తకాలు చెప్పేది రెండు వైపులా ఒకే పని చేయడం. రెండూ ఒకటే, కానీ మొదటి మూడు నెలలు రెండో పద్ధతిలోనే రాయించండి. 4క − 8 = 53 దగ్గర రెండు వైపులా 8 కలిపాం అని రాసిన పిల్లలకు ఎందుకో తెలుసు. గుర్తు మారుతుందని మాత్రమే విన్న పిల్లలు 4క = 61 దగ్గర 4ను కూడా మైనస్ చేసి అటు పంపుతారు. కొన్నాళ్లయ్యాక ఇలా అడగండి: "తాతయ్య చెప్పిన దారి ఎందుకు పనిచేస్తుందో నువ్వు ఆయనకు చెప్పు." పిల్లలు చెప్పగలిగిన రోజు నుంచి పక్షాంతరమే వాడుకోవచ్చు.

మూడోది, కారణాంక విభజన. దానికి ముందు (క + 3)² ఎంత అని అడిగితే క² + 9 అనే జవాబు తప్పకుండా వస్తుంది. 'క' స్థానంలో 1 పెట్టండి, అసలు విలువ 16, వాళ్లది 10. తర్వాత క + 3 భుజంగా చతురస్రం గీయించండి. లోపల నాలుగు ముక్కలు: ఒక క², రెండు 3క లు, ఒక 9. మిగిలిపోయిన ఆ రెండు ముక్కలనూ రంగు పెన్సిలుతో నింపిస్తే మళ్లీ మరిచిపోవడం అరుదు. ఆ తర్వాత వెనక్కి: క² + 7క + 12 ఇస్తే, గుణిస్తే 12, కలిపితే 7 వచ్చే జంట ఏది? క² − 5క − 24 అయితే? ఇక్కడ ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లలకు ఉన్న సుఖం అంతా ఇంతా కాదు. 24కు జంటలన్నీ క్షణంలో తడతాయి, ఆలోచనంతా గుర్తుల మీద పెట్టవచ్చు. ఎక్కాలు రాకపోతే ఈ అధ్యాయానికి నెల ముందు నుంచే ఇరవై దాకా చదివించండి. కారణాంక విభజనకు ఆరు వారాలు తగ్గవద్దు.

ఈ మూడింటికి ఇచ్చిన సమయం ఎక్కడ నుంచి తేవాలి? ఒక్క మెట్టులో తేలిపోయే సమీకరణాలు, నిర్దేశాంకాల తలంలో బిందువులు గుర్తించడం, సగటు, మధ్యగతం లాంటివి పది రోజుల్లో ముగించండి. చాలామంది పిల్లలకు అవి ముందే వచ్చి ఉంటాయి.

మీ ఇంటికి ఏది?

రెండు మూడేళ్లలో ఇండియా తిరిగి వెళ్లాలనుకుంటున్న కుటుంబాలకు పై లెక్క మారుతుంది. అక్కడ ఆల్జీబ్రా ఒక ఏడాది పాఠం కాదు, హైస్కూలు తరగతుల పొడవునా జ్యామితి, క్షేత్రమితులతో కలిసి వస్తుంది. తేలిక సమీకరణాలు ముందు, రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు తొమ్మిదిలో, వర్గ సమీకరణాలు, శ్రేఢులు పదిలో. అమెరికా ఆల్జీబ్రా 1 పూర్తిచేసి హైదరాబాద్‌లో ఏడో తరగతిలో చేరిన పిల్లలకు వర్గ సమీకరణాలు వచ్చి, త్రిభుజ నిర్మాణం రాని పరిస్థితి ఏర్పడుతుంది. అలాంటి వాళ్లు వారానికి రెండు రోజులు ఆల్జీబ్రా, రెండు రోజులు జ్యామితి పెట్టుకుని మూడేళ్లకు పరవడం మంచిది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, వాటినే వెన్నెముకగా పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక కూడా ఇంటి చదువే కొనసాగించేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బడికి వెళ్లకుండా చదివేవాళ్లకు పరీక్షలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌ఐఓఎస్ సెకండరీ (పదో తరగతి స్థాయి) పరీక్షకు 14 ఏళ్లు నిండాలి. ముందే పరుగెత్తినా ఆ గేటు దగ్గర ఆగాల్సిందే.

తిరిగి అమెరికా బడిలోనే చేర్చాలనుకుంటే, ఏ స్థాయి లెక్కల్లో కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి చేర్చుకునే బడి ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టవచ్చు. ఏ అధ్యాయాలు దాటారన్న దాని కన్నా దాటినవి ఎంత గట్టిగా వచ్చాయన్నదే అక్కడ నిలబెడుతుంది. ఇదీ రెండేళ్ల పద్ధతికే మొగ్గు.

లెక్క వచ్చినా రాయడం అంటే ఏడ్చే పిల్లలుంటారు. వాళ్లను ఆల్జీబ్రా నుంచి ఆపకండి, వేగమూ తగ్గించకండి. మొదటి రెండు నెలలు పాప చెబుతుంటే మీరు తెల్లబోర్డు మీద రాయండి. ఆ తర్వాత రోజుకు ఒక లెక్క తను రాయాలి, ఆపైన రెండు. చేతి బలం వేరు, బుర్ర బలం వేరు. ఒకదాని కోసం రెండోదాన్ని కట్టేయడం అన్యాయం.

ఏ దారి పట్టినా నిమిషాలు మారకూడదు, పేజీలు మారవచ్చు. అరగంట అనుకుంటే అరగంటే. ఐదు నిమిషాలు పాత లెక్కలు, పదిహేను నిమిషాలు కొత్త పాఠం, పది నిమిషాలు సొంతంగా. సగం లెక్కలో గంట మోగితే అక్కడే ఆపి, మర్నాడు అక్కడ నుంచే ఎత్తుకోండి. ఈ రోజు రెండు పేజీలు అయ్యేదాకా లేవకూడదన్న ఇంట్లో పిల్లలు వేగంగా, తప్పుగా రాయడం నేర్చుకుంటారు.

న్యూయార్క్‌లో ఉన్నవాళ్లు ముందుగా బోధనా ప్రణాళిక ఇచ్చి, ఏడాదికి నాలుగుసార్లు నివేదిక పంపాలి. టెక్సస్‌లో అలాంటిది ఏదీ అడగరు. అడిగినా, అడగకపోయినా ఒక నోటు పుస్తకంలో తేదీ, నిమిషాలు, అధ్యాయం రాసి పెట్టండి. రేపు హైస్కూలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే చదివిన సబ్జెక్టులు, మార్కులు చూపే పత్రంలో, ఈ ఆల్జీబ్రాను చూపాలనుకుంటే ఆ పుస్తకమే ఆధారం.

మధ్యలో వేగం మార్చాలా వద్దా అన్నది ఇలా తేల్చుకోండి. ప్రతి అధ్యాయం అయ్యాక పది లెక్కల పరీక్ష పెట్టండి, ఐదు కొత్తవి, ఐదు పాత అధ్యాయాలవి. ఎనిమిది వస్తే ముందుకు వెళ్లండి. ఆరు, ఏడు అయితే ఇంకో వారం. అంతకన్నా తక్కువైతే ఏ మెట్టులో జారారో చూసి అక్కడికి వెళ్లండి. ఏడాది పద్ధతిలో ఉండగా వరసగా రెండు అధ్యాయాల్లో ఎనిమిది రాకపోతే ఆ రోజే రెండేళ్లకు మారిపోండి. పిల్లలకు ప్రకటించనక్కర్లేదు, తర్వాతి పాఠం తేదీ మార్చుకుంటే చాలు. రెండేళ్ల పద్ధతి నుంచి ఏడాది పద్ధతికి రావాలంటే అధ్యాయం మొదలుపెట్టక ముందే దాని చివరి అభ్యాసం నుంచి పది లెక్కలివ్వండి. ఎనిమిది వస్తే, తప్పిన రెండూ సరిచేయించి అధ్యాయం దాటేయండి. రెండేళ్ల మధ్యలో వచ్చే వేసవిలో పుస్తకం మూసినా రోజుకు మూడు లెక్కలు ఆపకండి: ఒకటి భిన్నాలది, ఒకటి కుండలీకరణం ముందు మైనస్ ఉన్నది, ఒకటి మాటల లెక్క.